లంగరుకు కట్టిన నవమి పోగు

ఎమ్మిగనూరు,
18 అక్టోబరు 2025

ప్రియమైన బావకు, అనగా అంతర్జాతీయ అనుమానితులు శ్రీమాన్ రాఘవేంద్ర గారి దివ్య సముఖానికి,

నీ భార్య వీణ సాష్టాంగపడి రాసుకుంటున్న మనవి. (సాష్టాంగం అబద్ధం. మంచం మీద బోర్లా పడుకుని రాస్తున్నాను. చూసేవాళ్ళకు రెండూ ఒకటే.)

నిన్న మీ కంపెనీ ముంబై ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. ఓడలో అందరి ఫోన్లూ పోలీసులు సాక్ష్యం కింద తీసుకున్నారట. నువ్వు క్షేమమట. ఏదైనా చెప్పాలంటే కాగితం మీద రాసి పంపితే కొరియర్‌లో చేరుస్తారట. "కాగితం మీదనా సార్?" అన్నాను. "అవునమ్మా, పెన్నుతో" అన్నాడు, నాకు పెన్ను అంటే ఏమిటో చెప్పాల్సి వస్తుందేమోనన్న జాలితో. పెళ్ళయి ఏడాదిన్నర అయింది. ఇంతవరకు మన మధ్య నడిచిన సాహిత్యమంతా "తిన్నావా", "తిన్నా", "సిగ్నల్ లేదు". ఇప్పుడు రెండు దేశాల ప్రభుత్వాలు పూనుకుని మన చేత ప్రేమలేఖలు రాయిస్తున్నాయి. వాళ్ళ రుణం ఎట్లా తీర్చుకోవాలో తెలియడం లేదు.

మాకు తెలిసింది టీవీలో చెప్పినంతే. ఉత్తరాన ఏదో చల్లని సముద్రం అడుగున ఒక గ్యాసు పైపు ఉందట. గ్యాసు అమ్మే దేశం నుంచి గ్యాసు కొనే దేశానికి పోతుందట. అది తెగిందట. ఆ రోజు దాని మీదుగా పోయిన ఓడ మీదేనట. కావాలని లంగరు జారవిడిచి, ఈడ్చుకుంటూ పోయి, పైపును చించేశారని అనుమానమట. టీవీలో ఓడను చూపించగానే అత్త, "ఇదో, మనోడి ఓడ" అనింది. పేరు చదివి కాదు, తుప్పు చూసి గుర్తుపట్టింది. నువ్వు పంపిన ఫోటోలన్నిటిలో ఆ తుప్పు నీ వెనక చుట్టంలాగా నిలబడి ఉంటుంది కదా. అందుకే ఆ ఓడకు నేను "తుప్పు మహారాణి" అని బిరుదు ఇచ్చాను.

"సముద్రం కింద అంత దూరం పైపు ఏస్తే గ్యాసు నడిమద్దెన అయిపోదా?" అని అత్త ప్రశ్న. తర్వాత మన వంటింట్లో సిలిండరు పైపును వంగి చూసి, దాని మీద పెట్టిన చీపురుకట్టను తీసి పక్కన పెట్టింది. భద్రతా చర్యలు ఈ స్థాయిలో ఉన్నాయి.

మామ ఏమీ మాట్లాడలేదు. మగ్గం మాత్రం మామూలు కంటే గట్టిగా మాట్లాడుతోంది.

నేను రోజూ ఆదోనికి బస్సులో పోయి కాలేజీలో పొలిటికల్ సైన్సు చెప్పి వస్తున్నాను. మూడో సంవత్సరం పిల్లలకు అంతర్జాతీయ సంబంధాలు అనే పాఠం ఉంది. ఇన్నాళ్ళూ ఆ పాఠంలో అందరూ నిద్రపోయేవాళ్ళు. ఇప్పుడు "మేడం, అంకుల్‌ను జైల్లో ఏస్తారా?" అని నిటారుగా కూర్చుంటున్నారు. నీకు ఇరవై తొమ్మిదేళ్ళకే అంకుల్ పదవి వచ్చినందుకు అభినందనలు.

ఒక్క వాక్యం నవ్వకుండా రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు. ఆ ఓడలో లంగరు దగ్గర పని చేసేది నువ్వు, అనుమానం లంగరు మీద, నాకు భయంగా ఉంది. ఏం జరిగింది? ఎప్పుడొస్తావు?

ఇట్లు,
అనుమానితుని ధర్మపత్ని, అందుచేత సహ అనుమానితురాలు,
వీణ


ఓడ మీద నుంచి,
27 అక్టోబరు

ప్రియమైన వీణకు,

నీ జాబు ఏజెంటు తెచ్చి ఇచ్చినాడు. చదివి నవ్వుతా ఉంటే కాపలా పోలీసు వచ్చి ఏమిటని అడిగినాడు. ఇంటి నుంచి అన్నాను. "మంచి వార్తా?" అన్నాడు. నాకు అంకుల్ పదవి వచ్చిందని చెప్పడానికి ఇంగ్లీషు చాలలేదు.

ముందు భయం తీరుస్తా. నన్ను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. ఓడను రేవు బయట నిలబెట్టినారు. దిగనియ్యరు. వేళకు అన్నం ఉంది, హీటరు ఉంది. రోజూ పిలిచి అవే ప్రశ్నలు అడుగుతారు. అడిగేది ఒక ఇన్‌స్పెక్టరమ్మ. జుట్టంతా తెలుపు, గొంతు పెంచదు. అడిగి ఊరికే చూస్తా ఉంటుంది. ఆ చూపుకు చెయ్యని తప్పు కూడా చెప్పాలనిపిస్తుంది.

జరిగింది ఇది. నవమి అయిన వారానికి పెద్ద గాలివాన పట్టింది. ఆ రాత్రి నాకు డ్యూటీ లేదు, కింద పడుకున్నా. ఓడ ఊగిన ఊపుకు మంచానికి బెల్టు కట్టుకోవాల్సి వచ్చింది. మరుసటి రోజు మధ్యాహ్నం పోలీసు పడవలు వచ్చి మమ్మల్ని వెనక్కి తిప్పినాయి. ఆ తిరిగి వచ్చే దారిలో చూసినా వీణా, ఆ సముద్రాన్ని.

ఎట్లా చెప్పేది. అలలు లేవు. గాలి పడిపోయింది. చుట్టూ నీళ్ళు నూనె పోసినట్టు నున్నగా ఉన్నాయి. మధ్యలో మాత్రం, మన ఎమ్మిగనూరు ఊరంత మేర, సముద్రం ఎసరు కాగినట్టు తెర్లుతోంది. పొగ లేదు, మంట లేదు. తెల్లగా లోపలి నుంచి ఉబికి ఉబికి వస్తోంది. చప్పుడు కూడా ఎసరు చప్పుడే, కానీ ఆకాశమంత గిన్నెలో. ఓడలో ఇరవై మందిమి ఉన్నాము, నాలుగు దేశాల వాళ్ళము, అందరమూ అంచు కమ్మీ పట్టుకుని నిలబడినాము. మా వంటాయన టోపీ తీసి గుండెకు పెట్టుకున్నాడు. మనుషులు ఎవరూ చూడని చోట, నీళ్ళ అడుగున, చీకట్లో, ఎవరో ఇంత పని చేసినారంటే, వాళ్ళు రాక్షసులైనా అయి ఉండాల, దేవుళ్ళైనా అయి ఉండాల అనిపించింది.

ఇప్పుడు మంచి వార్త. మనల్ని కాపాడేది ఎవరో తెలుసునా? మా నాయన పోగు.

పెట్టె సర్దేటప్పుడు నువ్వు పసుపు పూసిన నూలు పోగు పెట్టినావు కదా. నవమి రోజు ఆయుధ పూజకు ఇంట్లో మగ్గానికి కట్టేది. నాకు ఈడ మగ్గం ఏది? నా ఆయుధం లంగరే. లంగరు గొలుసు మీద ఒక ఇనుప నాలుక అడ్డంగా పడి ఉంటుంది. దాన్ని ఎత్తితేనే గొలుసు జారుతుంది. ఆ నాలుకకూ పక్కన చట్రానికీ కలిపి పోగు ఒక చుట్టు చుట్టి ముడి వేసి, కుంకుమ పెట్టి, చక్కెర నైవేద్యం పెట్టినా. మన ఇంట్లో అయితే మరునాడు మా నాయన విప్పుతాడు, విప్పేదాకా మగ్గం కదలదు. విప్పాల్సింది ఇంటి పెద్ద. పెద్ద ఎమ్మిగనూరులో, లంగరు ఈడ. నేనెట్లా విప్పేది? అందుకని వదిలేసినా.

పోలీసులు మొదట ఆ కుంకుమ చూసి రక్తం అనుకున్నారు. పోగు చూసి రహస్య గుర్తు అనుకున్నారు. దాని చుట్టూ టేపు కట్టి ఫోటోలు తీసినారు. నేను పూజ సంగతి చెప్పేసరికి ఇన్‌స్పెక్టరమ్మ ఫోటోను దగ్గరికి లాక్కుని, "అయితే నవమి తర్వాత ఈ నాలుక పైకి లేచి ఉంటే ఈ దారం తెగి ఉండాలి కదా?" అని అడిగింది. అవునన్నా. "ఇది తెగలేదు కదా?" అనింది. తెగలేదన్నా. "ఇదంతా నువ్వు కట్టిందేనా?" అనింది. నేను కట్టిందే అన్నా. ఆ మాట అనగానే గదిలో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను బయటికి వచ్చి ఈ సంగతి చెప్పగానే మా చీఫ్ ఆఫీసరు, కెప్టెను తర్వాత పెద్ద ఆయనే, నా చెయ్యి పట్టుకుని ఊపినాడు. ఆయన చెయ్యి చెమటతో తడిసి ఉంది.

రెండో లంగరు చాన్నాళ్ళుగా తుప్పుతో బిగిసిపోయింది, అది దిగదు. కాబట్టి ఓడ నిర్దోషి. కొద్ది వారాల్లో వదిలేస్తారట.

అమ్మకు చెప్పు, గ్యాసు నడిమద్దెన అయిపోదు. నాయనకు ఏం చెప్పాలో నాకు తెలీదు. పోగు గట్టిదని చెప్పు.

ప్రేమతో,
నీ రాఘవేంద్ర


ఎమ్మిగనూరు,
6 నవంబరు

ప్రియాతి ప్రియమైన, నూలు కవచధారి అయిన బావకు,

ముందుగా జయజయధ్వానాలు. మీ వీధిలో ఉన్న భక్తజనం తరఫున నేనొక్కదాన్నే చేస్తున్నాను, మిగతావాళ్ళు నీళ్ళ ట్యాంకరు దగ్గర ఉన్నారు.

నువ్వు రాసిన సముద్రం గురించి అందరికీ చదివి వినిపించాను. ఎసరు అనగానే అత్త చేతిలో జల్లెడ అట్లే ఆగిపోయింది. "ఊరంతనా?" అని అడిగింది. "మన ఊరంత అంటే, బస్టాండు నుంచి యాడిదాకా?" అని మళ్ళీ అడిగింది. ఆ సాయంత్రం డాబా మీదికి ఎక్కి, ఊరును ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసి, దిగి వచ్చి, పొయ్యి ముట్టించింది. నేనూ ఎక్కి చూశాను బావా. మగ్గాల వీధులు, నేతగాళ్ళ సొసైటీ, సంత, ఆ దూరాన పత్తి లారీలు, ఇంత మేరా తెర్లితే ఎట్లా ఉంటుందో ఊహించబోయాను. ఎం.ఏ. వరకు చదివినా ఊహ సరిపోలేదు.

ఇక రాజకీయం. నా పిల్లలకు చెప్పినట్టే నీకూ చెబుతాను, నిద్రపోవద్దు. కొనే దేశం అంటుంది: చలికాలంలో మమ్మల్ని వణికించడానికి అమ్మే దేశమే తన పైపు తానే కోసుకుంది. అమ్మే దేశం అంటుంది: మా దగ్గర కొనడం ఇష్టంలేక కొనే దేశమే కోసేసింది. ఓడల్లో గ్యాసు నింపి రెట్టింపు ధరకు అమ్మే మూడో దేశం ఒకటి ఉంది, అది "చాలా విచారకరం" అని ప్రకటన ఇచ్చింది. ఇంత సంతోషంగా విచారించిన దేశాన్ని నేను చూడలేదు.

ఇప్పటిదాకా మీ తుప్పు మహారాణి మీద అనుమానం ఉండబట్టి అందరూ కొంచెం ఆగారు. మన పోగు ఆమెను నిర్దోషి అని తేల్చేసరికి, లంగరు కాకపోతే జలాంతర్గామే అన్నారు. రెండు దేశాలూ యుద్ధనౌకలు పంపాయి. రాత్రి టీవీలో వాటి వరుస చూపించారు. ఒక్కో ఓడ ఆదోని కోట గుట్టంత ఉంది. ఒక్క పోగు బావా! మామ రోజుకు కొన్ని వేల పోగులు నేస్తాడు, వాటిలో ఒకటి అంత దూరం పోయి ఒక ఓడను విడిపించి, నౌకాదళాలను నిద్ర లేపింది. తరగతిలో ఈ మాట చెబుతుంటే నాకే ఒళ్ళు జలదరించింది. పిల్లలు మాత్రం "మేడం, ఇది పరీక్షలో వస్తుందా?" అన్నారు.

అసలు వార్త ఇప్పుడు చెబుతున్నాను, కూర్చో. నిన్న పేపర్లో ఆ పోగు ఫోటో వేశారు. ఎంత పెద్దది చేసి వేశారంటే మోకులాగా కనబడింది. నేను తెచ్చి మామ ముందు పెట్టాను. నువ్వు మగ్గం వదిలి ఓడ ఎక్కినప్పటి నుంచి నీ పేరెత్తితే గోడ వైపు చూసే మనిషి, పేపరు తీసుకుని కిటికీ దగ్గరికి పోయి, గుడ్డ సరిచూసినట్టు వెలుతురుకు పట్టి చూశాడు. చూసి నవ్వాడు. మామ పళ్ళు అన్ని ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది.

"సూడు దేవక్కా, మనోడు అతుకేసినాడు" అని అత్తను పిలిచాడు.

"యాడ?" అని అత్త.

"ఇదో, ఇది కట్టిన ముడి. ఇది అతుకు. పోగు తెగినట్టుంది, అతికినాడు. ఎంత సన్నగా ఏసినాడో సూడు. సముద్రం మీదికి పోయినా సెయ్యి మర్చిపోలే నా కొడుకు."

నా కొడుకు అన్నాడు బావా. ఐదేళ్ళ తర్వాత. ఇది రాయకుండా ఉండలేక ఈ ఉత్తరం మొదలుపెట్టాను, పైన రాసిందంతా ఉపోద్ఘాతం.

ఇట్లు,
విజయగర్వంతో కన్ను మిన్ను కానని,
వీణ


ఓడ మీద నుంచి,
15 నవంబరు

వీణా,

నాయన నన్ను నా కొడుకు అన్నాడని చదివి, ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, డెక్కు మీద రెండు సార్లు ఆ చివర నుంచి ఈ చివరదాకా నడిచినా. సంతోషంతో. తర్వాత మళ్ళీ తీసి చదివినా. అప్పుడు ఒక మాట దగ్గర ఆగిపోయినా.

పోగు తెగినట్టుంది, అతికినాడు.

వీణా, అది నిజం. గాలివాన మరునాడు పొద్దున్నే నేను ముందు వైపు కడగడానికి పోయినా. ఆడ పోగు తెగి వేలాడుతోంది. నేను చేతిలో చీపురు పక్కన పెట్టి, రెండు కొసలూ తీసి, అతుకు వేసి, కళ్ళకు అద్దుకుని, పని చూసుకున్నా. అంతే. ఎందుకు తెగింది అని అనుకోలేదు. మన ఇంట్లో తెగిన పోగు చూసి ఊరికే పోయే చెయ్యి ఎవరికుంది? పొద్దున లేచి ఎన్ని సార్లు రెప్ప వేసినావని ఎవరైనా అడిగితే ఏం చెబుతావు? ఆ ఇన్‌స్పెక్టరమ్మ తెగిందా అని అడిగినప్పుడు నాకు నిజంగా గుర్తు రాలేదు. నా తల్లి మీద ఒట్టు. నాయన మాట చదివినాకనే ఆ పొద్దు మొత్తం కళ్ళ ముందుకు వచ్చింది. చీపురు యాడ పెట్టినానో కూడా.

పోగు తెగిందంటే నాలుక లేచింది. నాలుక లేచిందంటే లంగరు దిగింది. తెల్లారేసరికి లంగరు పైన ఉందంటే, ఎవరో దాన్ని లాగినారు. ఇప్పుడు నాకు చీఫ్ ఆఫీసరు చెమట చెయ్యి గుర్తుకొస్తోంది.

ఆ సముద్రం ఉడికింది మా వల్లనే వీణా. రాక్షసులో దేవుళ్ళో అని రాసినా కదా. మేమే.

వచ్చే నెల మొదట్లో మమ్మల్ని ఇంటికి పంపుతామన్నారు. దానికి ముందు ఒక చివరి వాంగ్మూలం, పోగు కట్టిన రోజు నుంచి తెగలేదని సంతకం పెట్టాల. పెడితే ఇంటికి వస్తా. పెట్టకపోతే సాక్షి అంటారో, సాక్ష్యం చెరిపినోడు అంటారో, ఎన్నాళ్ళు పెట్టుకుంటారో తెలీదు. అతికింది నేనే కదా. కావాలనే అతికినాడని అంటే ఎవరు కాదంటారు?

రోజూ డెక్కు మీద నుంచి యుద్ధనౌకలు కనబడుతున్నాయి. బూడిద రంగువి. వాటిని చూస్తే అవి నా కోసమే నిలబడినట్టుంది.

నువ్వు చదువుకున్నదానివి. నేను ఏం చెయ్యాల? నవ్వించకుండా చెప్పు.

నీ రాఘవేంద్ర


ఎమ్మిగనూరు,
22 నవంబరు

బావా,

నవ్వించవద్దన్నావు. ప్రయత్నిస్తాను.

నీ ఉత్తరం ఆదోని నుంచి వచ్చే బస్సులో చదివాను. కొరియర్ వాడు కాలేజీకి తెచ్చి ఇచ్చాడు. చదివి, దిగాల్సిన స్టాపు దాటిపోయి, ఊరి చివర దిగి, పత్తి చేల పక్కన నడుచుకుంటూ వెనక్కి వచ్చాను. నేను సంబరంగా రాసిన నాలుగు మాటలు నీ మెడకు చుట్టుకున్నాయి. రాయకపోయి ఉంటే నీకు గుర్తొచ్చేది కాదు. సంతకం పెట్టి వచ్చేసేవాడివి. అబద్ధం కూడా అయ్యేది కాదు, తెలియదు కాబట్టి. ఇప్పుడు తెలిసింది. తెలిసినదాన్ని తెలియనట్టు చెయ్యడం నా చదువులో ఎక్కడా లేదు.

మామకు చెప్పాలా వద్దా అనుకున్నాను. అత్తతో చెప్పాను, ఆమె "ఆయన నోటితో వచ్చిందానికి ఆయనకే సెప్పు" అనింది. చదివి వినిపించాను. మామ చేతులు మగ్గం మీదే ఉన్నాయి, ఆగిపోయాయి.

"నేను ఎందుకు నోరు తెరిస్తినో" అన్నాడు.

తర్వాత అడిగాడు, "సెప్తే ఎన్నాళ్ళు పెట్టుకుంటారంట?"

"తెలియదు మామా."

"సెప్పకపోతే?"

"వచ్చే నెలలో ఇంట్లో ఉంటాడు."

అత్త తలుపు పట్టుకుని నిలబడి ఉంది. మామ ఆమె వైపు చూడలేదు. "పాపా, నేను సొసైటీలో గుడ్డ ఇచ్చేటప్పుడు నువ్వు సూసినావు కదా" అన్నాడు.

చూశాను బావా. నువ్వూ చూశావు. గుడ్డ పరిచి, అతుకున్న చోట తానే వేలు పెట్టి, ఇదో ఈడ తెగింది, ఈడ అతికినా అని చెబుతాడు. వాళ్ళు చూసేదాకా ఆగడు. ధర తగ్గిస్తారని తెలిసినా ఆగడు. పెళ్ళయిన కొత్తలో నేను, "మామా, అది కళ్ళకే కనబడదు కదా" అంటే, "అందుకే నేను సూపించాల" అన్నాడు.

అది అడిగి మామ మళ్ళీ నేయడం మొదలుపెట్టాడు. చప్పుడు మాత్రం సరిగా పడలేదు ఆ రోజంతా.

ఇక నా మాట. నాకు నువ్వు కావాలి. ఈ వాక్యంలో చమత్కారం లేదు, ఎంత వెతికినా దొరకదు. కానీ రాత్రి టీవీలో ఆ బూడిద రంగు ఓడల మీద పిల్లలను చూశాను. నా మూడో సంవత్సరం వాళ్ళ వయసు. లేని జలాంతర్గామి కోసం సముద్రంలోకి చూస్తూ నిలబడ్డారు. ఎవరి చెయ్యి ఎప్పుడు వణికినా ఏమవుతుందో తెలియదు. అవి అక్కడ నిలబడింది, తెగలేదని అందరూ నమ్మిన ఒక పోగు మీద. అది తెగిందని తెలిసింది ఈ భూమి మీద నీకు, నాకు, అత్తమామలకు. అంతే. ఇంత పెద్ద సంగతి మన వంటింట్లో కూర్చుని ఉంది. దాని పక్కన సిలిండరు.

చెప్పెయ్ బావా. చెప్పి, ఆలస్యంగా రా.

వీణ


పోలీసు అతిథి గృహం నుంచి,
2 డిసెంబరు

ప్రియమైన వీణకు,

పైన చిరునామా చూసి గుండె పట్టుకోకు. పేరు అంతే, మంచి గది. కిటికీలో నుంచి మంచు కనబడుతుంది.

మొన్న సంతకానికి పిలిచినారు. నీ జవాబు ఇంకా రాలేదు. ఏజెంటును రోజూ అడిగినా, రాలేదు రాలేదు అన్నాడు. కాగితం నా ముందు పెట్టి పెన్ను ఇచ్చినారు. నేను పెన్ను పక్కన పెట్టి, నాకు ఒక దారం కావాల అన్నా. ఎవరో పోయి తెచ్చినారు. తెంపమన్నా. ఇన్‌స్పెక్టరమ్మ తెంపి ఇచ్చింది. నేను ఆమె ముఖం చూస్తానే ఉన్నా, చేతుల వైపు చూడలేదు, అతుకు పడిపోయింది. "ఇది నేను ఆ పొద్దున చేసినా, చేసినట్టు నాకు తెలీదు, నా నాయన చెబితే తెలిసింది" అన్నా. ఆమె ఆ దారాన్ని రెండు చేతుల్తో లాగి చూసింది. తెగలేదు. పక్కనున్న పెద్ద ఆఫీసరు తీసుకుని లాగినాడు. అద్దం పెట్టి చూసినారు. ఒకాయన తన కోటు దారం కూడా తెంపి ఇచ్చి, ఇంకోసారి చెయ్యమన్నాడు. చేసినా.

ఇప్పుడు విను. ఇన్‌స్పెక్టరమ్మ బల్ల సొరుగు తెరిచి రెండు కాగితాలు తీసింది. ఇంగ్లీషులో టైపు చేసినవి. మొదటిది, "చూడు దేవక్కా, మనవాడు అతికినాడు" అని మా నాయన మాట. రెండోది నేను నీకు రాసిన జాబు, మొత్తం.

మొదటి నుంచీ మన జాబులన్నీ చదివినారు వీణా. కోర్టు అనుమతితో. కోస్తా వైపు ఆమె ఎవరో ఈ ఊళ్ళో ఉద్యోగం చేస్తూ ఉందట, ఆమెతో అనువాదం చేయించినారట. నువ్వు నీ జాబు పోస్టు చేసిన వారానికే వాళ్ళకు అతుకు సంగతి తెలుసు. నాకంటే ముందు. తెలిసి, నేను చెబుతానా లేదా అని ఊరికే చూస్తా ఉన్నారు. నేను ఆ సంతకం పెట్టి ఉంటే, విమానం దగ్గర పట్టుకుని, కుట్రలో ఉన్నోడని చీఫ్ ఆఫీసరు పక్కన నిలబెట్టేవాళ్ళు.

చివరికి ఆమె ఒక కవరు నా చేతికిచ్చింది. చింపి ఉంది. నీ జవాబు. "ఇది వచ్చి కొన్నాళ్ళయింది. నీ అంతట నువ్వు చెప్పేదాకా ఇవ్వకూడదని నేనే ఆపినాను" అనింది. ఆడనే చదివినా. చెప్పెయ్ బావా దగ్గరికి వచ్చేసరికి నాకు అక్షరాలు కనబడలేదు. ఆమె కిటికీ వైపు తిరిగి నిలబడుకునింది.

ఆ మధ్యాహ్నమే చీఫ్ ఆఫీసరు ఒప్పుకున్నాడు. గాలివానలో పాత బ్రేకు జారి, వంగిన నాలుక లేచి, గొలుసు పోయిందట. చాలా దూరం ఈడ్చుకుంటూ వచ్చినాక తెలిసి, ఉద్యోగం పోతుందని భయపడి, ఇంకొకరితో కలిసి లాగేసి నోరు మూసుకున్నారట. అంతేనా, వెనక ఎవరైనా డబ్బిచ్చినారా అన్నది ఇంకా తవ్వుతున్నారు. ఏమైనా, జలాంతర్గామి లేదు. నిన్నటి నుంచి బూడిద ఓడలు వెనక్కి తిరుగుతున్నాయి. కిటికీలో నుంచి చూస్తున్నా.

నేను సాక్షిని. కోర్టు అయ్యేదాకా ఉండాల. ఎండాకాలం కావచ్చు అంటున్నారు.

ఆ ఇనుప నాలుకను పోగుతో సహా కోసి, గాజు పెట్టెలో పెట్టినారు. నాయనకు చెప్పు, ఇదో ఈడ తెగింది, ఈడ అతికినా అని వేలు పెట్టి చూపించి వచ్చినానని.

నీ రాఘవేంద్ర


ఎమ్మిగనూరు,
11 డిసెంబరు

ప్రియమైన బావకు, మధ్యలో చదివే పెద్దలందరికీ కూడా నమస్కారాలు,

ముఖ్యంగా అనువాదం చేసే అక్కకు. అక్కా, తుప్పు మహారాణి అనే బిరుదును ఇంగ్లీషులో ఏమని రాశావో తెలుసుకోవాలని ఉంది. నా సాష్టాంగ నమస్కారం అబద్ధమని ఒక దేశపు పోలీసు శాఖకు తెలిసిపోయినందుకు సిగ్గుపడుతున్నాను. ఇన్‌స్పెక్టరమ్మ గారికి: నా జవాబు ఆపినందుకు మొదట మిమ్మల్ని మూడు పూటలు తిట్టుకున్నాను. నాలుగో పూట ఆలోచిస్తే, నేను చెప్పమన్నందుకు కాకుండా తానుగా చెప్పిన మనిషిని మీరు నాకు తిరిగి ఇచ్చారని అర్థమైంది. తిట్లు వెనక్కి తీసుకున్నాను.

బావా, టీవీ వాళ్ళు మనల్ని మర్చిపోయారు. అమ్మే దేశం, కొనే దేశం ఇప్పుడు పైపు బాగుచేసే ఖర్చు ఎవరిదని కొట్లాడుకుంటున్నాయి. మూడో దేశం మళ్ళీ విచారం వ్యక్తం చేసింది, ఈసారి నిజంగానే చేసినట్టుంది. తరగతిలో ఒక పిల్ల లేచి, "మేడం, రెండు దేశాల్నీ ఆపింది అంకులేనా?" అంది. "కాదు, అంకుల్ చెయ్యి" అన్నాను. ఆ తర్వాత పాఠం సాగలేదు. నలభై మంది పిల్లలు తమ చేతుల వైపు చూసుకుంటూ కూర్చున్నారు. నేనూ చూసుకున్నాను. మనకు తెలియకుండా ఇవి ఏమేం చేస్తుంటాయో అని భయం వేసింది, తర్వాత ఒకలాంటి భక్తి వేసింది.

ఎండాకాలం అన్నావు. సరే. అత్త నిమ్మకాయ ఊరగాయ పంపుతోంది, అక్కడి పోలీసులు దాన్ని రసాయన పరీక్షకు పంపకుండా చూసుకో.

నీ ఉత్తరం మామకు చదివాను. వేలు పెట్టి చూపించానన్న మాట దగ్గర మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. మగ్గం దిగి వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఆ పోగును ఎవురు ఇప్పుతారంట?" అని అడిగాడు.

"గాజు పెట్టెలో ఉంది మామా. కోర్టు అయ్యేదాకా ఎవరూ ముట్టుకోరు."

"అయినంక దాన్ని మనోడికి ఇమ్మని రాయి. నవమి పోగు ఇంటి పెద్ద ఇప్పాల. నేనే ఇప్పుతా."

ఇన్‌స్పెక్టరమ్మ గారూ, ఇది మా ఇంటి పెద్ద గోవిందన్న గారి అధికారిక విన్నపం. దయచేసి ఫైల్లో పెట్టండి. బావా, నువ్వు వచ్చేటప్పుడు ఆ ఇనుప నాలుకను మోసుకుని రావాలి, విమానం వాళ్ళతో నువ్వే మాట్లాడుకో.

ఇంకొక మాట కూడా రాయమన్నాడు. కట్టిన ముడి దగ్గర మాత్రమే విప్పుతాడట. అతుకు జోలికి పోడట. "అది అట్లే ఉండనీ, నా కొడుకు ఏసింది" అన్నాడు.

ఎండాకాలం కోసం ఎదురుచూసే ఏకైక ఎమ్మిగనూరు నివాసి,
నీ వీణ